విత్తనాలు, మొక్కలు పార్శిల్లో తెప్పించుకుంటున్నారా? ఆర్డరు నుంచి మొలక వరకు చేయవలసినవి

ఇరవై గింజలు వేస్తే మూడే మొలిచాయి, ఫొటోలో గుబురుగా ఉన్న మొక్క ఇంటికి పుల్లలా వచ్చింది, ఇప్పుడేం చేయాలి? మిద్దె తోట పెంచేవారు తరచుగా అడిగే ప్రశ్నలు ఇవే. నర్సరీకి వెళ్లి కొనేటప్పుడు మన కళ్లు, చేతులు చేసే పరిశీలనను దూరం నుంచి తెప్పించుకునేటప్పుడు ఇంకో విధంగా చేయాలి. దానిలో సగం ఆర్డరు పెట్టక ముందు, మిగిలిన సగం పార్శిల్ అందిన రెండు వారాల్లోపు ఉంటుంది. మొలవని గింజలకు, ఎండిపోయిన మొక్కలకు కారణం వెతికితే ఎక్కువసార్లు ఈ రెండు చోట్లలో ఏదో ఒకచోట దొరుకుతుంది.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

విత్తనాల కోసం మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటి, నూలు గుడ్డ లేదా టిష్యూ కాగితం, ప్రోట్రే (నారు పెంచే గుంటల ట్రే) లేదా అడుగున చిల్లులు పెట్టిన కాగితపు కప్పులు, జల్లించిన వర్మీకంపోస్టు, నానబెట్టి పిండిన కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఉంటే చాలు. మొక్కల కోసం ఒక బకెట్టు, వేపనూనె, కత్తెర, ఎండ నేరుగా పడకుండా వెలుతురు మాత్రం వచ్చే మూల ఒకటి కావాలి. పేరు, తేదీ రాసిపెట్టుకోవడానికి ఒక నోటు పుస్తకం కూడా ఉంచుకోండి.

1. ఏది తెప్పించుకోవాలో, ఏది వద్దో నిర్ణయించుకోండి

కూరగాయలు, ఆకుకూరలు, బంతి, మునగ, బొప్పాయి వంటివాటిని విత్తనంగానే తెప్పించుకోండి. వీటి నారు ప్రయాణంలో నలిగిపోతుంది. గింజకు ఆ బాధ లేదు. మామిడి, సపోటా, జామ, నిమ్మ వంటి పండ్ల జాతులను మాత్రం విత్తనంగా కొనకండి. బంగినపల్లి టెంకను నాటితే బంగినపల్లే వస్తుందన్న నమ్మకం లేదు, కాపుకు ఏళ్లు పడుతుంది. అంటు మొక్క కొనండి. అది కూడా వీలైతే మీ దగ్గరలోని ఉద్యాన విశ్వవిద్యాలయం నర్సరీకో, ప్రభుత్వ ఉద్యాన నర్సరీకో స్వయంగా వెళ్లి తెచ్చుకోండి. తెలంగాణవారికి సంగారెడ్డి ఫల పరిశోధన కేంద్రం, గోదావరి జిల్లాలవారికి వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం, కడియం నర్సరీలు అందుబాటులో ఉన్నాయి. అంత దగ్గరలో ఉన్నవారు మూడు కిలోల మట్టిముద్దకు కొరియర్ ఖర్చు పెట్టడం నాకు సమంజసంగా కనిపించదు.

కొన్నింటిని అసలు ఆర్డరు పెట్టనవసరం లేదు. పుదీనా, బచ్చలి కాడలు కూరగాయల కట్టలోంచే వేళ్లు తొడుగుతాయి. అల్లం, పసుపు, చేమ దుంపలు సంతలో దొరుకుతాయి. కన్ను ఉన్న దుంపను ఏరుకుంటే సరిపోతుంది.

కరివేపాకు గింజల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. పండు నుంచి తీసిన కరివేపాకు గింజ ఎండితే కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తిని కోల్పోతుంది. నేరేడు, పనస గింజలు కూడా అంతే. నేను ఒకసారి ఈ సంగతి తెలియకనే కరివేపాకు గింజల ప్యాకెట్టు తెప్పించి, నలభై రోజులు నీళ్లు పోసి, ఒక్క మొలకా చూడలేదు. ఎవరి పెరట్లోనైనా పెద్ద చెట్టు ఉంటే దాని వేళ్ల నుంచి వచ్చిన పిలకను అడిగి తెచ్చుకోండి.

ఇక నీలి గులాబి విత్తనాలు, రంగురంగుల రేకుల గులాబి విత్తనాలు, ‘బోన్సాయ్ చెట్టు విత్తనాలు’ అనే ప్రకటనలు. అచ్చమైన నీలి గులాబి ఏ తోటలోనూ పూయదు. ఆ ఫొటోల్లో ఉన్నది రంగు నీళ్లలో పెట్టిన తెల్ల గులాబో, కంప్యూటరులో రంగు మార్చిన బొమ్మో. బోన్సాయ్ అనేది చెట్టును కత్తిరించి, వంచి పెంచే పద్ధతి. ఆ పేరుతో విత్తనం ఉండదు. ఆర్కిడ్ గింజలు ధూళిలా ఉంటాయి, వాటిని ప్రయోగశాలలో పోషక మాధ్యమం మీద మొలిపిస్తారు. కాబట్టి వందకు పైగా ఆర్కిడ్ విత్తనాలంటూ ప్యాకెట్టు అమ్మేవారి దగ్గర మిగతా విత్తనాలు కూడా కొనకండి.

2. అమ్మేవారి పేజీలో ఈ అయిదింటిని వెతకండి

రకం పేరు మొదటిది. ‘వంకాయ విత్తనాలు, 50’ అని మాత్రమే రాసి ఉంటే వదిలేయండి. ‘భాగ్యమతి వంగ’, ‘అర్క అనామిక బెండ’ అని ఉండాలి. అర్క పేరుతో ఉన్నవి బెంగళూరు సమీపంలోని హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రకాలు, కాశీ పేరుతో ఉన్నవి వారణాసిలోని కూరగాయల పరిశోధన సంస్థ రకాలు. హెసరఘట్ట సంస్థ, జాతీయ విత్తన సంస్థ తమ విత్తనాలను ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవారు అక్కడి నుంచి మొదలుపెడితే రకం విషయంలో మోసపోయే అవకాశం బాగా తగ్గుతుంది.

రెండవది సూటి రకమా (దాని గింజ వేస్తే మళ్లీ అదే రకం వచ్చేది), హైబ్రిడ్డా (రెండు రకాలను కలిపి చేసిన సంకరం) అన్నది. హైబ్రిడ్ మీద ‘ఎఫ్ 1’ అని ఉంటుంది. అర్క రక్షక్ టమాటా అలాంటిదే. ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ముందస్తు ఆకుమచ్చ తెగుళ్లను తట్టుకునేందుకు రూపొందించారు. హైబ్రిడ్ కాయల నుంచి గింజ తీసి మళ్లీ వేస్తే మొక్కలు ఒకే తీరున రావు. ఏటా సొంత విత్తనం దాచుకోవాలనుకునేవారు సూటి రకమే అడగండి. ఈ రెండింటిలో ఏదో చెప్పకుండా ‘దేశీ హైబ్రిడ్’ అని రాసేవారిని నేను నమ్మను.

మూడవది పరీక్ష తేదీ, గడువు తేదీ, మొలక శాతం. 1966 నాటి విత్తన చట్టం ప్రకారం నోటిఫై చేసిన పంటల విత్తనాల మీద ఈ వివరాలతో లేబుల్ ఉండాలి. ధ్రువీకరణ విత్తనానికి నీలం, అమ్మేవారు స్వయంగా హామీ ఇచ్చే ట్రూత్‌ఫుల్ విత్తనానికి ఆకుపచ్చ లేబుల్ వాడతారు. సాధారణంగా లేబుల్ మీద రాసే గడువు పరీక్ష చేసిన తేదీ నుంచి తొమ్మిది నెలలు. పేజీలో లేబుల్ ఫొటో లేకపోతే సందేశం పంపి అడగండి; మంచి వ్యాపారి వెంటనే పంపుతాడు. ఉల్లి విత్తనం తొందరగా శక్తి కోల్పోతుంది కాబట్టి దానికి తేదీ మరీ ముఖ్యం. టమాటా, దోస, సొర వంటివి సరిగా నిల్వ చేస్తే మూడు నాలుగేళ్లయినా మొలుస్తాయి.

నాలుగవది, గింజల సంఖ్య లేదా బరువు. అయిదవది, అమ్మేవారి పూర్తి చిరునామా, ఫిర్యాదుల అధికారి పేరు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం ఇవి చూపించి తీరాలి. మొక్కలు కొనేటప్పుడు వీటికి అదనంగా మూడు ప్రశ్నలు అడగండి: మొక్క ఎత్తు ఎంత, అంటు మొక్కా లేక గింజ మొక్కా, మట్టితో పంపుతారా లేక కోకోపీట్‌లోనా? ప్రకటనలోని ఫొటో కాకుండా, పంపబోయే మొక్క ఫొటో కావాలని అడగడంలో తప్పు లేదు.

కొన్నవారి అభిప్రాయాలు చదివేటప్పుడు ‘ప్యాకింగ్ బాగుంది, అయిదు నక్షత్రాలు’ అన్నవాటిని పక్కన పెట్టండి. అవి పార్శిల్ అందిన రోజు రాసినవి. నెల తరువాత మొలకల ఫొటోతోనో, పువ్వు ఫొటోతోనో రాసినవాటికే విలువ ఉంది.

3. కాలం చూసి ఆర్డరు పెట్టండి

విత్తనం వేసే తేదీకి మూడు వారాల ముందు ఇంట్లో ఉండాలి. మొలక పరీక్షకు, అవసరమైతే మళ్లీ తెప్పించుకోవడానికి ఆ వ్యవధి కావాలి. తీగజాతి కూరగాయలను మృగశిర కార్తెలో, అంటే జూన్ రెండో వారంలో వేయాలనుకుంటే మే నెల మధ్యలోనే ఆర్డరు పెట్టండి. క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్ చలికాలపు పంటలు కాబట్టి ఆగస్టు చివర చూసుకుంటే సరిపోతుంది.

మొక్కలను ఏప్రిల్, మే నెలల్లో తెప్పించకండి. మూసిన లారీలో రెండు పగళ్లు గడిపిన మొక్క ఉడికిపోతుంది. తొలకరి పడి చల్లబడిన జూలై నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. ఆదివారాలు, పండుగ సెలవులు పార్శిల్‌ను గోదాములో ఆపేస్తాయి కాబట్టి సోమవారం లేదా మంగళవారమే పంపమని రాతపూర్వకంగా కోరండి. తోటి తోటమాలుల నుంచి కవరులో విత్తనాలు తెప్పించుకునేవారు ఒకటి గమనించండి: 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. సాధారణ కవరులో వదులుగా వేసిన బెండ, సొర గింజలు ముద్ర వేసేటప్పుడు పగిలిపోతాయి. రెండు అట్టముక్కల మధ్య పెట్టి అంటించి పంపమని చెప్పండి.

4. ఎంత కావాలో లెక్క వేసుకోండి

ఒక గ్రాములో టమాటా గింజలు సుమారు 300, వంగ 200 నుంచి 250, బెండ 15 నుంచి 20, కాకర అయిదారు, తోటకూర వెయ్యికి పైగా ఉంటాయి. నలుగురున్న ఇంటికి ఆరేడు టమాటా మొక్కలు, నాలుగైదు వంగ మొక్కలు చాలు. తక్కువ ధరకు వస్తోందని పది గ్రాముల టమాటా విత్తనం కొంటే మీరు మూడు వేల మొక్కలకు సరిపడా కొన్నట్టు. తోటకూర, పాలకూర, కొత్తిమీర, బెండ మాత్రం పదే పదే వేస్తాము కనుక వాటినే కాస్త ఎక్కువగా తీసుకోండి.

5. పార్శిల్‌ను వీడియో తీస్తూ విప్పండి

చిరునామా చీటీ కనిపించేలా మొదలుపెట్టి, అన్నీ బయటపెట్టే వరకు ఆపకుండా తీయండి. తరువాత ఫిర్యాదుకు ఇదే ఆధారం. ప్యాకెట్టు మీది లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో తెలిపే నంబరు), తేదీలు నోటు పుస్తకంలో రాసుకోండి. గింజలను తెల్ల కాగితం మీద పోసి చూడండి. ముడతలు పడినవి, చిల్లులున్నవి, బూజు వాసన వచ్చేవి, పురుగు తిన్న పొడి రాలేవి అనుమానించదగినవి. గులాబి, నీలం, ఆకుపచ్చ పూత ఉన్న గింజలు శిలీంధ్రనాశిని పట్టించినవి. వాటిని పిల్లలకు అందనివ్వకండి, ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోండి, మిగిలినవి వంటింట్లో పెట్టకండి.

మీరు ఆర్డరు పెట్టని విత్తనాల ప్యాకెట్టు, ముఖ్యంగా విదేశీ చిరునామాతో వస్తే, వేయకండి, చెత్తలో పారేయకండి. 2020లో పలు దేశాలలో ఇలాంటి ప్యాకెట్లు వచ్చినప్పుడు మన కేంద్ర వ్యవసాయ శాఖ కూడా రాష్ట్రాలను హెచ్చరించింది. కవరుతో సహా మీ మండల వ్యవసాయ అధికారికి అప్పగించండి.

6. మట్టిలో వేయక ముందే మొలక పరీక్ష చేయండి

ఈ మెట్టును వదిలేసేవారే ఎక్కువ; ఫిర్యాదు చేయవలసి వచ్చినప్పుడు చేతిలో ఏమీ లేక ఇబ్బంది పడేదీ వారే. గుడ్డను తడిపి గట్టిగా పిండండి. నీరు కారకూడదు, చేతికి చల్లగా తగలాలి. ఏరకుండా, చేతికి వచ్చిన పది గింజలను దాని మీద దూరంగా పేర్చి, మడిచి, డబ్బాలో పెట్టి మూత వేసి, వంటింటి అలమరలో వెచ్చగా ఉండే చోట ఉంచండి. రోజూ ఒకసారి మూత తీసి గాలి ఆడనివ్వండి. తోటకూర మూడు నుంచి అయిదు రోజుల్లో, టమాటా వారంలో, వంగ, మిరప, కాకర రెండు వారాల లోపు మొలకెత్తాలి. మిరప గింజ ఎనిమిదో రోజు వరకు కదలకపోతే పాడైందని తేల్చేయకండి.

ప్రభుత్వ విత్తన ప్రమాణాల ప్రకారం కనీస మొలక శాతం టమాటా, వంగ, ఉల్లికి 70, బెండకు 65, మిరప, సొర, బీర, కాకరకు 60. పదిలో ఆరేడు మొలిస్తే విత్తనం మంచిదే. నాలుగైదు మొలిస్తే ఇంకో పది గింజలతో మళ్లీ చూసి, విత్తేటప్పుడు కుండీకి రెండింతలు వేయండి. మూడు లేక అంతకంటే తక్కువైతే లోపం మీ చేతిలో లేదు, విత్తనంలో ఉంది; ఫొటో తీసి తొమ్మిదో మెట్టుకు వెళ్లండి. ప్యాకెట్టులో ఉన్నవే పది గింజలైతే విడిగా పరీక్ష వద్దు, ఒక్కో కప్పులో ఒక్కో గింజ వేయండి, అదే పరీక్ష.

7. విత్తేటప్పుడు జరిగే పొరపాట్లు

లోతు ఎక్కువవడం అన్నింటికంటే పెద్ద తప్పు. గింజ మందానికి రెండు మూడింతల లోతు చాలు. తోటకూర గింజలను ఇసుకతో కలిపి పైన చల్లి, చేత్తో అదిమితే సరిపోతుంది. అంగుళం లోతులో వేసిన తోటకూర పైకి రాదు. కాకర గింజ పెంకు గట్టిది కాబట్టి ఒక రాత్రి నానబెట్టి వేయండి. ధనియాలను రెండు బద్దలుగా విడదీయండి. నలిపి పిండి చేయకండి.

నీళ్లు ఎక్కువ పోయడం రెండో తప్పు. రోజూ మగ్గుతో పోస్తే గింజలు కుళ్లుతాయి, మొలిచిన నారు మొదలు దగ్గర నల్లబడి పడిపోతుంది. పై పొర ఆరినట్టు కనిపించినప్పుడే చిలకరించండి. పేర్లు రాయకపోవడం మూడోది. వంగ నారు, టమాటా నారు తేడా తెలుస్తుంది గానీ రెండు రకాల వంగ నారు తేడా ఎవరికీ తెలియదు.

8. మొక్క వచ్చిన తరువాత రెండు వారాలు

పెట్టె అందిన వెంటనే విప్పండి, సాయంత్రం చూద్దామని వదిలేయకండి. ఆకులు రాలినంత మాత్రాన మొక్క చచ్చినట్టు కాదు. మల్లె, నిమ్మ, కాగితపు పూల మొక్క ప్రయాణంలో ఆకులు రాల్చుకుంటాయి. కొమ్మ మీద గోటితో కొంచెం గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే కిందకి, కిందకి గీరుతూ వెళ్లండి. పచ్చదనం ఎక్కడ మొదలవుతుందో అక్కడికి పైన కత్తిరించేయండి.

వేళ్ల ముద్ద ఎండి ఉంటే బకెట్టు నీళ్లలో పది నిమిషాలు, బుడగలు ఆగే వరకు ఉంచి తీయండి. మట్టి లేకుండా వచ్చిన గులాబి వేళ్లను రెండు మూడు గంటలు నానబెట్టి నాటండి. ఎడీనియం (లావు మొదలు ఉండే ఎడారి గులాబి) విషయంలో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా చేయాలి: నానబెట్టకుండా, తెగిన వేళ్లు ఆరేందుకు నాలుగైదు రోజులు నీడలో ఉంచి, పొడి మిశ్రమంలో నాటి, ఆ తరువాతే కొద్దిగా నీళ్లు పోయాలి. అన్ని మొక్కలకూ ఒకే మర్యాద చేసి ఎడీనియంలను కుళ్లబెట్టినవారు చాలామంది.

చాలా నర్సరీ మొక్కల వేళ్ల చుట్టూ ఎర్ర బంకమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే కుండీలో పెడితే ఎండినప్పుడు రాయిలా బిగిసి, పోసిన నీరు పక్కల నుంచి జారిపోతుంది, లోపలి వేళ్లకు తడి తగలదు. ముద్దను తడిపి, పై పొరను మాత్రం వేళ్లతో మెల్లగా వదులు చేసి నాటండి. అంటు మొక్కలకు ముద్ద మొత్తం విప్పదీయకండి. అంటు కట్టిన చోటు మట్టికి పైన ఉండాలి. కట్టిన ప్లాస్టిక్ పట్టీ కాండంలోకి కోసుకుపోతుంటే జాగ్రత్తగా తీసేయండి. అంటు ముడికి కింద నుంచి వచ్చే చిగుళ్లు వేరుమూలం చిగుళ్లు, అంటే అంటు కట్టడానికి అడుగున వాడిన వేరే మొక్కవి. ఎంత బలంగా, అందంగా ఉన్నా తుంచేయండి. ఏడాది తరువాత ‘ఫొటోలోని గులాబి ఇది కాదు’ అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం ఆ చిగురే.

వారం రోజులు నీడలో, తరువాత ఉదయపు ఎండలో ఉంచండి. కొత్త చిగురు కనిపించే వరకు ఏ ఎరువూ వేయకండి. ఈ రెండు వారాలూ పాత మొక్కలకు దూరంగా పెట్టి, ఆకుల అడుగున, కొమ్మల సందుల్లో పిండినల్లి, తెల్లదోమ, పొలుసు పురుగు ఉన్నాయేమో చూడండి. కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. వేళ్ల మీద చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తే, ముఖ్యంగా జామ, దానిమ్మలలో, అవి నులిపురుగుల గుర్తు. ఆ మొక్కను ఉంచుకోకండి, ఆ మట్టిని ఇంకో కుండీలో పోయకండి. చిక్కుడు జాతి వేళ్ల మీది బుడిపెలు మాత్రం మేలు చేసేవి.

9. ఫిర్యాదు చేయవలసి వస్తే

ముందుగా అమ్మినవారికి ఆర్డరు నంబరు, లాట్ నంబరు, వీడియో, మొలక పరీక్ష ఫొటోలు పంపి, డబ్బు వాపసా లేక కొత్త ప్యాకెట్టా, మీకేది కావాలో ఒకే వాక్యంలో స్పష్టంగా రాయండి. మొక్కల విషయంలో చాలామంది అమ్మకందారులు ఒకటి రెండు రోజుల గడువే ఇస్తారు. ఆ షరతును కొనే ముందే చదవాలి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. నలభై రూపాయల ప్యాకెట్టుకు ఇంత శ్రమా అనిపించవచ్చు. కనీసం పరీక్ష ఫలితాన్నైనా అభిప్రాయంగా రాస్తే తరువాత కొనేవారికి పనికివస్తుంది.

10. విదేశాల్లో ఉన్నవారికి

మన దేశంలోకైనా, ఇక్కడి నుంచి బయటికైనా మొక్కల క్వారంటైన్ నిబంధనలు వర్తిస్తాయి. విదేశీ వెబ్‌సైట్ల నుంచి విత్తనాలు తెప్పించడానికి దిగుమతి అనుమతి, ఎగుమతి దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అమెరికాలో ఉన్న పిల్లలకు గోంగూర, దోస గింజలు పంపే తల్లిదండ్రులకు: అక్కడి వ్యవసాయ శాఖ నుంచి చిన్న మొత్తాల విత్తనాలకు పర్మిట్ తీసుకునే మార్గం ఉంది. ప్యాకెట్టుకు 50 గింజలు లేదా 10 గ్రాములు, ఒక పార్శిల్‌కు 50 ప్యాకెట్లు మించకూడదు, ప్రతిదాని మీద శాస్త్రీయ నామం ఉండాలి. అక్కడ కరివేపాకు మొక్కను రాష్ట్రాల మధ్య కొరియర్‌లో పంపడంపై కూడా ఆంక్షలున్నాయి. అది నిమ్మ కుటుంబానికి చెందినది, నిమ్మజాతి తోటలను నాశనం చేసే తెగులును మోసుకుపోయే పురుగు దాని మీద కూడా బతుకుతుంది. మీ రాష్ట్రానికి పంపవచ్చో లేదో అమ్మేవారిని ముందే అడగండి.

మిగిలిన విత్తనాలు

ప్యాకెట్టును మడిచి, పిన్ను కొట్టి, బాల్కనీలో వదిలేస్తే వానాకాలం తేమకు రెండు నెలల్లో చెడిపోతాయి. ప్యాకెట్లను గాజు సీసాలో వేసి, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు పెట్టి, మూత బిగించి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి, ఫ్రీజరులో వద్దు. మళ్లీ వాడేటప్పుడు సీసాను బయట పెట్టి, గది వేడికి వచ్చాకే మూత తీయండి. చల్లగా ఉండగానే తెరిస్తే గాలిలోని తేమ గింజల మీద నీరుగా పడుతుంది. మూత మీద అతికించిన కాగితం ముక్కపై రకం పేరు, కొన్న నెల, మొదటి పరీక్షలో పదికి ఎన్ని మొలిచాయో రాసి ఉంటే, వచ్చే ఏడాది కుండీకి రెండు గింజలు వేయాలో నాలుగు వేయాలో చూడగానే తెలుస్తుంది.